అటక మీద పన్నెండేళ్లు పడున్న పీసీ పార్టులు: కరెంటు పెట్టే ముందు ఏం చూసుకోవాలి?

విభాగం: హార్డ్‌వేర్ – పాత మిషన్లు, రిపేర్లు

ఉప్పుగాలి (కాకినాడ) · 9 నవంబర్ 2025, ఉదయం 10:12

అందరికీ నమస్కారం. ఇంటికి రంగులు వేయిస్తున్నాం, అటక ఖాళీ చేయక తప్పలేదు. 2013లో నెట్ సెంటర్ మూసేసినప్పుడు అమ్ముడుపోని సామానంతా రెండు అట్టపెట్టెల్లో సర్ది పైకెక్కించాను. ఇన్నాళ్లకి కిందకి దిగాయి.

ఉన్నవి: హెచ్61 మదర్‌బోర్డులు రెండు, ఒకదాని మీద ఐ5-2400 ప్రాసెసర్ (నా కౌంటర్ మిషన్ అదే), ఇంకోదాని మీద ఐ3-2100. జీ31 బోర్డు ఒకటి, కోర్ 2 డ్యుయో ఈ7500తో. డీడీఆర్3 4 జీబీ ర్యామ్ స్టిక్కులు మూడు, డీడీఆర్2 1 జీబీవి గుప్పెడు. ఎస్ఎంపీఎస్‌లు (మిషన్‌కి కరెంటిచ్చే పవర్ డబ్బాలు) మూడు. 500 జీబీ సాటా హార్డ్ డిస్కు ఒకటి, అంతకంటే పాత ఐడీఈ రకం 80 జీబీ డిస్కులు నాలుగైదు. డీవీడీ రైటర్లు, ఒక పాత లాప్‌టాప్, చిన్న యూపీఎస్.

మా అక్క కొడుకు ఇంటర్ ఫస్టియర్. పైథాన్ నేర్చుకుంటానంటున్నాడు, వీడియో పాఠాలు కూడా చూడాలి. కొత్తది కొందామంటే ఈ మధ్య ర్యామ్ రేట్లు ఎలా ఎగిరాయో చూస్తున్నారుగా. ఉన్నవాటితో ఒక మిషన్ నిలబెట్టగలనా అని ఆశ.

500 జీబీ డిస్కులో మా నాన్నగారి షష్టిపూర్తి ఫొటోలున్నాయి. వేరే కాపీ లేదు. అందుకే ఇంకా దేన్నీ ప్లగ్గులో పెట్టలేదు. బోర్డులు వెండిరంగు యాంటీస్టాటిక్ కవర్లలో ఉన్నాయి, చూడ్డానికి శుభ్రంగానే ఉన్నాయి. ఎస్ఎంపీఎస్‌లకి ఆ భాగ్యం లేదు. ఒకదాని ఫ్యాన్ రెక్కల మధ్య కందిరీగ మట్టిగూడు కట్టింది. ఏది ముందు, ఏది తర్వాత చెప్పండి.

బిట్టు_2004 · ఉదయం 10:31

బ్రో, ఐ5-2400 అంటే 2011 చిప్. అప్పుడు నేను రెండో క్లాసు. మొత్తం స్క్రాప్ వాడికి ఇచ్చేసి, ఆఫీసుల నుంచి వచ్చే రీఫర్బిష్డ్ 8వ తరం మిషన్ తీసుకోండి. విండోస్ 11 కూడా రూల్ ప్రకారమే ఎక్కుతుంది. పాతవాటితో కుస్తీ టైమ్ వేస్ట్.

సీటీసీ_సీను (సికింద్రాబాద్) · ఉదయం 11:05

తమ్మీ, చెప్పుడు అల్కగనే ఉంటది. అన్న దగ్గర ఉన్నయి, వాడుకుంటా అంటున్నడు. గంతే.

నేను చెనాయ్ ట్రేడ్ సెంటర్ (సీటీసీ) కంప్యూటర్ మార్కెట్‌ల చానా ఏండ్ల సంది ఇదే పని చేస్తున్న. కూసున్న జాగల ప్రాసెసర్ పాడైన కేసులు మస్తు తక్కువ చూసిన. ర్యామ్ కూడ గంతే, కాళ్లకు చిలుము పడ్తది, తుడిస్తే లేస్తది. పోయేటియి వేరే ఉంటయి. లోపల ద్రవం, నూనె, రబ్బరు, బ్యాటరీ ఉన్నది ఏదైనా సరే, వాడకున్నా ముసలిదైతది. మదర్‌బోర్డు మీది సీఆర్2032 బిళ్ల, హీట్‌సింక్ పేస్టు, ఫ్యాన్‌ల నూనె, డీవీడీ రైటర్ బెల్టు, ఎస్ఎంపీఎస్ కెపాసిటర్లు, యూపీఎస్ బ్యాటరీ. గివన్ని అనుమానం లిస్టుల పెట్టుండ్రి.

ఇగ బోర్డుల సంగతి. జీ31 పక్కకు పెట్టుండ్రి. దానికి 4 జీబీ కంటే ఎక్కువ ర్యామ్ పట్టదు, అదీ డీడీఆర్2. హెచ్61కు రెండు స్లాట్లు, 16 జీబీ దాక పోతది. ఐ5ను హెచ్61ల పెట్టి 4+4 వేస్తే పోరనికి సరిపోతది.

కందిరీగ గూడున్న ఎస్ఎంపీఎస్ మాత్రం ముట్టకుండ్రి.

సోల్డర్‌పిన్ని (విజయవాడ) · మధ్యాహ్నం 12:20

సీను గారి లిస్టులో అసలు ప్రమాదకరమైనది ఎస్ఎంపీఎస్. మిగతావి చెడిపోతే అవే పోతాయి, ఇది చెడితే బోర్డునీ డిస్కునీ వెంట తీసుకుపోతుంది. అందుకని దానితోనే మొదలుపెట్టండి. దాని లెక్క తేలేదాకా బోర్డుకి గానీ డిస్కుకి గానీ తగిలించొద్దు.

ఎందుకో కొంచెం వివరంగా చెప్తాను, కాలేజీ ల్యాబ్‌లో ఏటా పిల్లలకి చెప్పే పాఠమే. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్‌లో అల్యూమినియం రేకు మీద పల్చటి ఆక్సైడ్ పొర ఉంటుంది. ఇన్సులేషన్ పని చేసేది ఆ పొరే. వోల్టేజీ అందుతున్నంతకాలం అది తన్ను తాను బాగుచేసుకుంటూ ఉంటుంది. ఏళ్ల తరబడి కరెంటు లేకుండా పడుంటే లోపలి ద్రవం ఆ పొరని కొద్దికొద్దిగా తినేస్తుంది. అలాంటిదానికి ఒక్కసారిగా పూర్తి వోల్టేజీ ఇస్తే లీకేజీ కరెంటు ఎక్కువగా పారి వేడెక్కుతుంది. మెల్లగా ఇస్తే పొర మళ్లీ కట్టుకుంటుంది. దీన్నే రీఫార్మింగ్ అంటారు. మన 230 వోల్టుల ఏసీ రెక్టిఫై అయ్యాక లోపల పెద్ద కెపాసిటర్ల మీద 325 వోల్టుల డీసీ దాకా కూర్చుంటుంది. చిన్న విషయం కాదు.

ముందు కంటితో చూడండి. బోర్డు మీద సీపీయూ చుట్టూ ఉన్న కెపాసిటర్ల తల చదునుగా ఉండాలి. ఉబ్బినా, పైన గీతల దగ్గర గోధుమరంగు పొక్కు కట్టినా, అడుగున జిగురులా కారినా అవి పోయినట్టే. 2000 తర్వాతి తొలి ఏళ్లలో తయారైన బోర్డుల్లో నాసిరకం ఎలక్ట్రోలైట్ వల్ల ఈ రోగం ప్రపంచమంతటా వచ్చింది. మీ హెచ్61 బోర్డులు ఆ తర్వాతివి. సీపీయూ పక్కన ఉన్నవి ప్లాస్టిక్ తొడుగు లేని సాలిడ్ పాలిమర్ రకమైతే ఇంకా నయం, వాటిలో ఎండిపోయే ద్రవం ఉండదు.

ఎస్ఎంపీఎస్ డబ్బా మాత్రం విప్పొద్దు. జాలీలోంచి టార్చి వేసి కనిపించినంత చూడండి చాలు.

కర్నూలుకరెంటు · మధ్యాహ్నం 1:02

పిన్నిగారు చెప్పింది నూటికి నూరు. మెల్లగా ఇవ్వాలంటే వేరియాక్ (వోల్టేజీ పెంచే, తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్) అక్కర్లేదు సార్, సీరీస్ బల్బు బోర్డు (కరెంటు బల్బు గుండా పోయేది) చాలు. ప్రతి ఎలక్ట్రీషియన్ దగ్గరా ఉంటాది. 100 వాట్ల పాత ఫిలమెంటు బల్బు కావాల, ఎల్ఈడీ బల్బు దీనికి పనికిరాదు.

ఫస్టు ఎస్ఎంపీఎస్ వెనక ఎర్ర స్విచ్ ఉందేమో చూసుకోండి. 115/230 అని ఉంటాది. 230 మీదనే ఉండాల. సర్దేటప్పుడు వేలు తగిలి 115కి జారిందంటే, ప్లగ్గు పెట్టిన క్షణమే ఢాం అంటాది.

తర్వాత బల్బుని సీరీస్‌లో పెట్టి ప్లగ్ చేయండి. బల్బు ఒక్కసారి మెరిసి ఆరిపోవాల, అంటే కెపాసిటర్లు నిండినాయని. వెలుగుతానే ఉంటే లోపల షార్టు ఉన్నట్టు, తీసి పక్కన పడేయండి. ఆరిపోతే అట్లనే ఓ అర్ధగంట, గంట స్టాండ్‌బైలో (ప్లగ్గులో ఉంచి, ఆన్ చేయకుండా) వదిలేయండి. దగ్గరే ఉండండి, వాసన వస్తే తీసేయండి. లోడు (కరెంటు లాగే పరికరం) పెట్టి చూసేటప్పుడు మాత్రం ఈ సీరీస్ బల్బు తీసేయాల, లేకపోతే వోల్టేజీ కింద పడిపోయి తప్పు లెక్క చూపిస్తాది.

ఈ పని చేతకాకపోతే పక్కన ఎలక్ట్రీషియన్‌ని పెట్టుకోండి. 230తో ఆటలొద్దు.

ఉప్పుగాలి · సాయంత్రం 6:48

పిన్నిగారూ, కర్నూలన్నా, ధన్యవాదాలు. మా వీధి చివర మోటార్ వైండింగ్ చేసే ఆయన దగ్గర సీరీస్ బోర్డుంది, రేపు తీసుకెళ్తాను. గూడు కట్టిన ఎస్ఎంపీఎస్ ఇప్పటికే స్క్రాప్ బస్తాలోకి పోయింది.

ఫొటోల డిస్కు సంగతి కూడా చెప్పండి. అమ్మ రోజూ అడుగుతోంది.

సీటీసీ_సీను · రాత్రి 8:15

డిస్కు అంటే నా మాట ఒక్కటే అన్నా: మొదాలు కాపీ, తర్వాతనే మిగతా ముచ్చట. దాని మీద విండోస్ బూట్ చెయ్యకుండ్రి. స్కాన్ చేసి రిపేర్ చేస్తా అని విండోస్ అడిగితే వద్దు అనుండ్రి. ఫార్మాట్ చెయ్యాల్నా అని అడిగితే అసలే వద్దు.

3.5 అంగుళాల డిస్కుకు 12 వోల్టులు కావాలె. గందుకని ఉత్త యూఎస్‌బీ కేబుల్ సరిపోదు, సొంత అడాప్టర్ ఉన్న యూఎస్‌బీ-సాటా కన్వర్టర్ తీసుకోండ్రి. మీ పాత ఎస్ఎంపీఎస్‌తోని దానికి కరెంటు ఇయ్యకుండ్రి.

బల్ల మీద కదలకుండ పెట్టి, చెవి పెట్టి వినుండ్రి. మోటార్ సాఫీగ ఎక్కి, హెడ్డు (డేటా చదివే మొన) చిన్నగ టిక్కుమని కూసుంటే మంచిది. టక్... టక్... టక్ అని ఒకే తీరుగ కొడుతుంటే వెంటనే ఆపుండ్రి. చప్పుడే లేకుంటే, హెడ్డు లోపల తిరిగే ప్లేటుకు అతుక్కుపోయి ఉండొచ్చు. కొన్ని పాత డిస్కులల్ల హెడ్లు ప్లేటు మీదనే పార్క్ అయితయి. గిట్లయితే డేటా రికవరీ వాళ్ల దగ్గరికే. మూత విప్పుడు, ఫ్రిజ్‌ల పెట్టుడు, నెత్తి మీద కొట్టుడు, గివన్ని యూట్యూబ్ వైద్యాలు.

సోల్డర్‌పిన్ని · రాత్రి 8:40

దీనికి ఒక్కటి కలుపుతాను. తిరిగితే ఫోల్డర్లు ఒక్కొక్కటీ లాగి కాపీ చేయకండి. లినక్స్ లైవ్ పెన్‌డ్రైవ్‌తో (ఇన్‌స్టాల్ చేయకుండానే నడిచేది) ఇంకో కంప్యూటర్ బూట్ చేసి, డీడీరెస్క్యూ అనే ప్రోగ్రాంతో డిస్కు మొత్తాన్ని ఒక ఇమేజ్ ఫైలుగా తీసుకోండి. అది ముందు తేలిగ్గా చదవగలిగే చోట్లన్నీ చదివేసి, మొండికేసే సెక్టార్లని చివరికి వదుల్తుంది. మ్యాప్ ఫైలు (ఎక్కడిదాకా చదివిందో రాసుకునేది) ఇస్తే మధ్యలో ఆపినా ఆగిన దగ్గర్నించే మొదలవుతుంది. తర్వాత ఫొటోలు ఆ ఇమేజ్‌లోంచి తీసుకోండి, అసలు డిస్కుని మళ్లీ తిప్పక్కర్లేదు.

ఓపికుంటే స్మార్ట్ (డిస్కు తన ఆరోగ్యం గురించి తనే రాసుకునే లెక్క) వివరాల్లో 5, 197, 198 నంబర్లు చూడండి. 197 అంటే చదవడానికి మొరాయిస్తూ వరసలో ఉన్న సెక్టార్లు. అక్కడ సున్నా కాకపోతే ఆ డిస్కుని ఇంక దేనికీ నమ్మొద్దు.

బిట్టు_2004 · రాత్రి 9:02

ఇదంతా చూస్తుంటే నాకే ఇంట్రెస్ట్ వస్తోంది. ఒక డౌట్. ర్యామ్ కాళ్లు పెన్సిల్ రబ్బరుతో రుద్దాలని మా ఫ్రెండ్ అంటాడు. కరెక్టేనా?

సీటీసీ_సీను · రాత్రి 9:10

నటరాజ్ రబ్బరు జిందాబాద్. మా మార్కెట్ల సగం సర్వీసు గదే.

సోల్డర్‌పిన్ని · రాత్రి 9:26

సీను గారూ, మీ చేతి నేర్పు వేరు! ర్యామ్ కాళ్ల మీద ఉండేది చాలా పల్చటి బంగారు పూత. గట్టి రబ్బరుతో రుద్దినప్పుడల్లా కొంత పోతుంది, పొట్టు స్లాట్‌లోకి రాలుతుంది. ముందు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, పోగులు రాలని గుడ్డతో తుడవండి. మొబైల్ రిపేరు సామాన్లు అమ్మే షాపులో 99 శాతంది దొరుకుతుంది. అప్పటికీ నల్లమచ్చ పోకపోతేనే మెత్తటి తెల్ల రబ్బరు, అదీ పైపైన. తర్వాత మళ్లీ ఆల్కహాల్. శానిటైజర్, పెట్రోలు, థిన్నర్ వద్దే వద్దు. శానిటైజర్‌లో గ్లిజరిన్‌లాంటివి ఉండి జిడ్డు మిగులుస్తాయి, థిన్నర్ ప్లాస్టిక్‌ని తినేస్తుంది.

కాకినాడ కాబట్టి స్లాట్లు, పోర్టుల మీద ఉప్పు తేమ ప్రభావం చూడండి. వీజీఏ పోర్టు స్క్రూలు తుప్పు పడితే ఫర్వాలేదు. రాగి దగ్గర ఆకుపచ్చ పొడి కనిపిస్తే బ్రష్‌తో ఆల్కహాల్ వేసి శుభ్రం చేయండి. సీపీయూ సాకెట్‌లో మాత్రం గుడ్డ, బ్రష్ ఏదీ పెట్టొద్దు. మీ హెచ్61 బోర్డులకుండే 1155 సాకెట్‌లో పిన్నులు బోర్డు వైపే ఉంటాయి, దూదిపోగు తగులుకున్నా వంగిపోతాయి. గాలి ఊదే బ్లోయర్‌తోనే.

ఉప్పుగాలి · 11 నవంబర్, రాత్రి 9:37

అప్‌డేట్. రెండు ఎస్ఎంపీఎస్‌లూ సీరీస్ బల్బు పరీక్ష పాసయ్యాయి. మెరుపు, ఆరడం, తర్వాత గంటసేపు నిశ్శబ్దం. ఆకుపచ్చ వైరుని నల్లదానితో కలిపి ఆన్ చేసి మల్టీమీటర్ పెడితే మొదటిదాంట్లో పసుపు వైరు మీద 12.1 వోల్టులు, ఎరుపు 5.08, నారింజ 3.34. రెండోది కూడా దాదాపు అంతే.

ఐ5 బోర్డుకి పాత పేస్టు గీకి (గోడ సున్నంలా రాలింది) కొత్తది వేశాను, బిళ్ల బ్యాటరీ మార్చాను, ర్యామ్ తుడిచాను. ఫ్యాన్ బిగించేటప్పుడు ప్లాస్టిక్ పుష్‌పిన్ ఒకటి పెళుక్కున విరిగితే ఐ3 ఫ్యాన్ తీసి పెట్టాను. మొదటి ఎస్ఎంపీఎస్ తగిలించి స్విచ్ నొక్కితే ఫ్యాన్ రెండు సెకన్లు తిరిగి ఆగిపోతోంది. మళ్లీ దానంతటదే తిరుగుతుంది, మళ్లీ ఆగుతుంది. స్క్రీన్ మీద ఏమీ లేదు.

బిట్టు_2004 · రాత్రి 9:41

సీపీయూ పక్కన 4 పిన్ పవర్ పెట్టారా? చాలామంది 24 పిన్ మెయిన్ కనెక్టర్ ఒక్కటే పెట్టి వదిలేస్తారు.

ఉప్పుగాలి · రాత్రి 9:44

పెట్టాను తమ్ముడూ. ర్యామ్ ఒక్కటే ఉంచి స్లాట్లు కూడా మార్చి చూశాను. అదే తంతు.

సోల్డర్‌పిన్ని · రాత్రి 10:03

మీరు చూసిన వోల్టేజీలు లోడు లేకుండా చూసినవి. అసలు పని మీద పడితే తేడా తెలుస్తుంది. బైక్ బ్రేక్ లైటు బల్బు 12 వోల్టులు 21 వాట్లది తీసుకోండి, ఒక్కోటి ఒకటిముప్పావు ఆంపియర్లు లాగుతుంది. పసుపు-నల్ల వైర్ల మధ్య అలాంటివి రెండు వేసి అప్పుడు మీటర్ పెట్టండి. ఏటీఎక్స్ (పీసీ పవర్ సప్లైల ప్రమాణం) ప్రకారం 12 వోల్టుల లైను అయిదు శాతం మించి ఊగకూడదు, అంటే 11.4 నుంచి 12.6 లోపల ఉండాలి. ఊదారంగు వైరు స్టాండ్‌బై 5 వోల్టులు. అక్కడ 4.75 కంటే తగ్గకూడదు. బల్బులు బాగా వేడెక్కుతాయి, చేతితో పట్టుకోకండి.

ఉప్పుగాలి · 12 నవంబర్, సాయంత్రం 7:20

మొదటిది: రెండు బల్బులు వేయగానే 12 కాస్తా 10.4కి పడిపోయింది, లోపల సన్నగా కీచుమంటోంది. రెండోది: 11.9 దగ్గర కదలకుండా నిలబడింది.

రెండోది తగిలించాను. డిస్‌ప్లే వచ్చింది! ఆ నల్ల స్క్రీన్ మీద తెల్ల అక్షరాలు చూసి మా మేనల్లుడు ఫోన్‌లో వీడియో తీసుకున్నాడు.

కర్నూలుకరెంటు · సాయంత్రం 7:31

భలే భలే. బల్బుల లెక్క నేను కూడా రాసి పెట్టుకుంటాను. మీటర్‌లో 12 కనిపించిందని ఓకే చేసిన సెట్లు ఎన్నున్నాయో.

సీటీసీ_సీను · రాత్రి 8:02

మంచిగైంది. కానీ అన్నా, రెండో ఎస్ఎంపీఎస్‌ను కూడ టెస్టింగ్ వరకే వాడుండ్రి. పోరడు రోజు గంటలకొద్ది వాడే మిషన్‌ల పన్నెండేండ్ల ముసలి ఎస్ఎంపీఎస్ ఎందుకు? ఈ బండి మొత్తంల కొత్తగ కొనాల్సింది గదొక్కటే అనుకోండ్రి. మీద 450 వాట్లు అని స్టిక్కర్ ఉండి చేతిల పట్టుకుంటె దూదిలెక్క తేలిపోయేటివి వద్దు. వారంటీ రాసిచ్చేది తీసుకోండ్రి.

గ్యారేజ్‌రావు (టెక్సాస్) · 13 నవంబర్, ఉదయం 7:15

ఇక్కడ రాత్రి. థ్రెడ్ మొత్తం ఒక్క గుక్కలో చదివా. నా గ్యారేజీలో పాతకాలం 386, 486 ప్రాసెసర్ల బోర్డులున్నాయి. వాటితో పోలిస్తే మీ బిళ్ల బ్యాటరీ దేవత. ఆ కాలం బోర్డుల్లో నికెల్-కాడ్మియం పీపా బ్యాటరీని నేరుగా బోర్డుకే సోల్డర్ చేసేవారు. ఏళ్లకి అది కారి చుట్టుపక్కల రాగి దారులన్నీ తినేస్తుంది. నా దగ్గర కీబోర్డు కనెక్టర్ దాకా నీలంగా కుళ్లిన బోర్డొకటి ఉంది. ఎవరి దగ్గరైనా అలాంటివి ఉంటే పనిచేస్తుందో లేదో చూడ్డం తర్వాత, ముందు ఆ బ్యాటరీ కత్తిరించేయండి. ఆ క్షారానికి కొంచెం వెనిగర్ పూసి, నీళ్లతో, తర్వాత ఆల్కహాల్‌తో కడగాలి.

హెచ్61 విషయంలో ఒక మాట. 2011 జనవరి చివర్లో ఇంటెల్ తన 6 సిరీస్ చిప్‌సెట్‌లో (హెచ్61 కూడా ఆ కుటుంబమే) సాటా లోపం ఉందని ప్రకటించి వెనక్కి తీసుకుంది. 3 గిగాబిట్ సాటా పోర్టులు కాలక్రమంలో బలహీనపడతాయని. ఉప్పుగాలి గారు చూసుకోవాలి.

సోల్డర్‌పిన్ని · ఉదయం 9:48

రావు గారూ, లోపం నిజమే, కానీ అది బీ2 స్టెప్పింగ్‌లో (చిప్ తయారీ రివిజన్). అప్పటికి బజారులో ఉన్నవి పీ67, హెచ్67 బోర్డులు. హెచ్61 బయటికొచ్చిందే ఆ తర్వాత, సరిచేసిన బీ3తో. కాబట్టి ఈయనకి బెంగ లేదు. పీ67, హెచ్67 బోర్డు దాచుకున్నవాళ్లు లినక్స్‌లో ఎల్ఎస్‌పీసీఐ (lspci) కమాండ్ కొట్టి చిప్‌సెట్ పక్కన రివిజన్ చూసుకోండి: 04 అంటే బీ2, 05 అంటే బీ3. బీ2 అయితే డిస్కుని 6 గిగాబిట్ పోర్టులు రెండింటిలో ఒకదానికి పెట్టుకుంటే సరిపోతుంది, లోపం వాటికి లేదు.

గ్యారేజ్‌రావు · ఉదయం 9:55

ఒప్పుకున్నా. హెచ్61 తర్వాత వచ్చిందన్న సంగతి గుర్తులేదు.

మౌనపాఠకుడు · ఉదయం 11:30

చాన్నాళ్లుగా చదువుతున్నా, మొదటిసారి రాస్తున్నా. నా దగ్గర 2014 నాటి 120 జీబీ ఎస్ఎస్‌డీ ఉంది, 2017 నుంచి డ్రాయర్‌లోనే. కదిలే భాగాలేవీ లేవు కాబట్టి హార్డ్ డిస్కు కంటే భద్రమే కదా?

సోల్డర్‌పిన్ని · మధ్యాహ్నం 12:44

దాచిపెట్టడానికైతే కాదండీ. ఫ్లాష్ సెల్‌లో డేటా అంటే బంధించి పెట్టిన ఎలక్ట్రాన్లు. కరెంటు లేకుండా ఉంటే మెల్లగా జారిపోతాయి, వేడిగా ఉంటే ఇంకా త్వరగా. మెమరీ చిప్‌లకి ప్రమాణాలు రాసే జెడెక్ సంస్థ ప్రకారం మామూలు ఎస్ఎస్‌డీ తన రాతల పరిమితి పూర్తిగా వాడేశాక కూడా 30 డిగ్రీల దగ్గర కరెంటు లేకుండా ఏడాదిపాటు డేటా నిలపాలి. సర్వర్లకి వాడే రకానికైతే 40 డిగ్రీల దగ్గర మూడు నెలలే. కొత్తగా, తక్కువ రాసిన డ్రైవ్ చాలా ఏళ్లు నిలుస్తుంది, భయపడక్కర్లేదు. కానీ మన స్లాబు కింద అటక మే నెలలో 30 దగ్గర ఆగదు కదా.

మీరు చేయాల్సింది: తగిలించి, అందులో ఉన్నది ముందు కాపీ చేసుకోండి. కొన్నిచోట్ల నత్తనడక నడుస్తుంది, వదిలేయండి. తర్వాత సెక్యూర్ ఎరేజ్ (డ్రైవ్ మొత్తాన్ని ఖాళీ చేసే కమాండ్) చేసి కొత్తగా రాస్తే డ్రైవ్ మామూలుగానే పనిచేసే అవకాశం ఎక్కువ. పోయేది ఎక్కువగా పాత డేటా, డ్రైవ్ కాదు.

ఉప్పుగాలి · 15 నవంబర్, రాత్రి 10:10

ఫొటోలు వచ్చేశాయి. కన్వర్టర్ తెప్పించి, మేనల్లుడి ఫ్రెండ్ లాప్‌టాప్‌లో లైవ్ లినక్స్ పెట్టి డీడీరెస్క్యూ నడిపాం. మొదట్లో గబగబా సాగింది, చివర్లో ఒకచోట పట్టుకుని గంటలు కూర్చుంది. మొత్తం మీద కొద్ది కిలోబైట్లు మాత్రం చదవలేకపోయింది. రెండు ఫొటోలు సగం నుంచి కిందకి బూడిదరంగు. మిగతావన్నీ బాగున్నాయి. 197 నంబరు సున్నా కాదు, డిస్కుకి రిటైర్మెంట్ ఇచ్చేశాను. ఫొటోలు ఇప్పుడు రెండుచోట్ల ఉన్నాయి.

మిషన్ సంగతి: మూడు ర్యామ్‌లనీ ఒక్కొక్కటిగా పెట్టి మెమ్‌టెస్ట్86+ (ర్యామ్ పరీక్షించే ప్రోగ్రాం) రాత్రంతా నడిపాను. ఒకటి ఎర్ర గీతలతో నిండిపోయింది, తీసేశాను. మిగతా రెండిటితో 8 జీబీ. కొత్త ఎస్ఎంపీఎస్, 240 జీబీ కొత్త ఎస్ఎస్‌డీ కొన్నాను. ఇప్పుడు ఏ ఓఎస్ వేయాలి?

బిట్టు_2004 · రాత్రి 10:18

విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ అయిపోయింది. ఈఎస్‌యూలో (మైక్రోసాఫ్ట్ పొడిగించిన అప్‌డేట్ల పథకం) చేరితే 2026 అక్టోబర్ దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తాయి. 11 అధికారికంగా ఎక్కదు, టీపీఎం 2.0 (సెక్యూరిటీ చిప్) లేదు. దొడ్డిదారిన ఎక్కించొచ్చు, ఐ5-2400లో ఎస్ఎస్ఈ4.2, పాప్‌కౌంట్ అనే ఇన్‌స్ట్రక్షన్లు ఉన్నాయి కాబట్టి బూట్ అవుతుంది. మీ కోర్ 2 డ్యుయోలో అయితే విండోస్ 11 24హెచ్2 వెర్షన్ నుంచి దొడ్డిదారి కూడా మూసేశారు. ఏ అప్‌డేట్ ఎప్పుడు ఆపేస్తారో తెలీకుండా చదువుకునే పిల్లాడికి పెట్టడం నాకైతే నచ్చదు. పైథానే కదా, లినక్స్ మింట్‌లో తేలికైన ఎక్స్ఎఫ్‌సీఈ రకం వేయండి. 22 సిరీస్‌కి 2029 దాకా సపోర్ట్ ఉంది. తెలుగు టైపింగ్‌కి ఐబస్ అనే టైపింగ్ టూల్‌లో ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు కూడా వస్తుంది.

సీటీసీ_సీను · రాత్రి 10:25

తమ్మీ, స్క్రాప్‌కు ఇచ్చేయమన్నోడివి నువ్వేనా?

బిట్టు_2004 · రాత్రి 10:27

అన్నా, జీ31ని స్క్రాప్‌కి ఇచ్చేయమనే ఇప్పటికీ చెప్తున్నా 😄

ఉప్పుగాలి గారూ, వీడియోల దగ్గర ఒకటి గమనించండి. ఐ5-2400లో ఉన్న గ్రాఫిక్స్‌కి వీపీ9, ఏవీ1 అనే వీడియో ఫార్మాట్లని డీకోడ్ చేసే హార్డ్‌వేర్ లేదు, హెచ్264కి ఉంది. బ్రౌజర్‌లో హెచ్264నే అడిగే ఎక్స్‌టెన్షన్ వేసుకుంటే పాఠాలు 1080లో సాఫీగా నడుస్తాయి. లేకపోతే సీపీయూ మీద భారం పడి ఫ్యాన్ గోల చేస్తుంది.

మౌనపాఠకుడు · 16 నవంబర్, ఉదయం 8:50

పిన్నిగారు చెప్పినట్టే చేశాను, ఎస్ఎస్‌డీ బతికింది. కానీ ఇంకో వింత. అదే వయసున్న నా పాత పీసీకి విండోస్ 7 డిస్కు తగిలిస్తే బూట్ మధ్యలో నీలం తెర, 0x7బీ అంటోంది. డిస్కు బాగానే ఉంది, వేరే మిషన్‌లో ఫైళ్లు కనిపిస్తున్నాయి. బిళ్ల బ్యాటరీ మార్చాక కూడా అంతే.

సీటీసీ_సీను · ఉదయం 9:20

బిళ్ల చచ్చిపోయినప్పుడే బయోస్ (మదర్‌బోర్డు సొంత ప్రోగ్రాం) సెట్టింగులన్ని మొదటికొచ్చినయి. అప్పట్ల సాటా మోడ్ (డిస్కుతోని మాట్లాడే పద్ధతి) ఏహెచ్‌సీఐ పెట్టి విండోస్ ఎక్కించి ఉంటరు, ఇప్పుడు డీఫాల్ట్ ఐడీఈకి పోయింది. బయోస్‌లకు పోయి తిరిగి ఏహెచ్‌సీఐ పెట్టుండ్రి. పనిల పని తేదీ కూడ సరిచెయ్యుండ్రి. తేదీ పాతదుంటే బ్రౌజర్‌ల ఏ సైటూ తెరుచుకోదు, సర్టిఫికెట్ తప్పు అంటది. నెట్ పోయిందని జనం రూటర్ రీసెట్ చేసుకుంట కూసుంటరు.

మౌనపాఠకుడు · ఉదయం 9:41

ఏహెచ్‌సీఐ పెట్టగానే వచ్చేసింది. పదేళ్ల కిందటి డెస్క్‌టాప్, చిహ్నాలన్నీ ఎక్కడివక్కడే. నెట్‌కి కలపను లెండి, ఫైళ్లు తీసుకుని ఆపేస్తా.

గ్యారేజ్‌రావు · ఉదయం 9:58

ఉప్పుగాలి గారూ, జీ31ని, ఐడీఈ డిస్కులని పారేయకండి. పాత యంత్రాలకి, ఫ్యాక్టరీల్లో విండోస్ ఎక్స్‌పీ మీదే నడిచే సీఎన్‌సీ (కంప్యూటర్ నడిపే కోత యంత్రాలు) కంట్రోలర్లకి వాటికోసం వెతికేవాళ్లున్నారు. మన దగ్గర బెంగళూరు ఎస్‌పీ రోడ్డు, చెన్నై రిచీ స్ట్రీట్‌లో అడిగి చూడండి. మీ పెట్టెలో ఏజీపీ, ఐఎస్ఏ అనే పాతకాలం స్లాట్లలో పెట్టే గ్రాఫిక్స్, సౌండ్ కార్డులు ఏమైనా ఉంటే నాకు ఫొటో పెట్టండి. వూడూ (1990ల నాటి గేమింగ్ గ్రాఫిక్స్) కార్డు దొరికితే ఇక్కడ జనం కొట్టుకుంటారు.

ఉప్పుగాలి · రాత్రి 8:35

మింట్ ఎక్కింది, మేనల్లుడు ఇప్పటికే నా కంటే ఎక్కువ తెలుసుకున్నాడు. వూడూ లేదు రావు గారూ, నెట్ సెంటర్‌కి అంత వైభోగం ఎక్కడిది! ఐడీఈ డిస్కులు తుడిచి పెట్టాను, ఎవరికైనా కావాలంటే మెసేజ్ చేయండి.

మిగిలినవి: డీవీడీ రైటర్ ట్రే తెరుచుకోవడం లేదు, లోపల మోటార్ మాత్రం గుయ్యిమంటోంది. యూపీఎస్ ప్లగ్గులో పెట్టలేదు. ఆ లాప్‌టాప్ అడుగున బ్యాటరీ దగ్గర ప్లాస్టిక్ కొంచెం పైకి లేచింది, బల్ల మీద పెడితే ఊగుతోంది. ఛార్జర్ ఉంది, పెట్టి చూడనా?

సోల్డర్‌పిన్ని · రాత్రి 8:37

ఛార్జర్ పెట్టకండి! బ్యాటరీ ఉబ్బింది. బయటకి లాగేరకమైతే స్క్రూడ్రైవర్‌తో పొడవకుండా, వంచకుండా నెమ్మదిగా తీసి, ఇసుక పోసిన కుండలోనో ఇనప డబ్బాలోనో పెట్టి ఇంటి బయట, ఎండ తగలని చోట ఉంచండి. లాగడానికి రాకపోతే లాప్‌టాప్ మొత్తాన్నే బయట పెట్టండి. తడి చెత్తా పొడి చెత్తా బండికి వేయొద్దు, అందులో నలిగితే అంటుకుంటుంది. బ్యాటరీలు తీసుకునే ఈ-వేస్ట్ సేకరణ కేంద్రానికే ఇవ్వండి. ఇవాళే.

సీటీసీ_సీను · రాత్రి 8:52

పిన్నిగారి మాట మొదాలు. తర్వాత తీరుబడిగ: యూపీఎస్‌ల 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ ఇన్నేండ్లు ఛార్జింగ్ లేకుంట ఉంటే లోపల ప్లేట్లకు సల్ఫేట్ పట్టి గట్టిపడి ఉంటది, ఇగ లేవది. బ్యాటరీ మార్చినంకనే ప్లగ్ చెయ్యుండ్రి. డీవీడీ ట్రేకు బెల్టు జారుతున్నది. ముందర చిన్న రంధ్రంల పేపర్ క్లిప్పు పొడిస్తే ట్రే బయటికొస్తది. బెల్టు తీసి మరిగే నీళ్లల్ల కాసేపు వేస్తే కొన్నాళ్లు పట్టుకుంటది.

ఉప్పుగాలి · రాత్రి 9:15

బ్యాటరీ ఊడొచ్చింది. పెరట్లో ఇసుక కుండలో ఉంది, పైన రేకు మూత పెట్టాను. రేపు మున్సిపల్ ఆఫీసులో ఈ-వేస్ట్ ఎక్కడ తీసుకుంటారో కనుక్కుంటాను. పాడైన ఎస్ఎంపీఎస్‌లు, ర్యామ్ కూడా దాంతోపాటే.